తిరుపతిలో టమాటా తెగుళ్లకు డీఎన్ఏ పరీక్ష: ఎందులో డబ్బు పెట్టొచ్చు, ఎందులో వద్దు

మొక్కల తెగుళ్లకు డీఎన్ఏ పరీక్ష చేసే ప్రైవేటు ల్యాబులు మన వైపు కూడా వచ్చేశాయి. అలాంటి ఒకదానికి తిరుపతిలో శాంపిల్ కౌంటర్ ఉంది. పోయిన రబీలో దాని సర్వీసు వాడుకున్నాను. పేరు రాయను. మెచ్చుకోవాల్సినవీ ఉన్నాయి, నిలదీయాల్సినవీ ఉన్నాయి. నిలదీయాల్సినవి వాళ్ల ముందే నిలదీశాను. మీరు ఏ ల్యాబు మెట్లెక్కినా అవే ప్రశ్నలు పనికొస్తాయి, అందుకే ఈ రివ్యూ.

పలమనేరు దగ్గర మాది షేడ్‌నెట్ నర్సరీ. ఎక్కువగా టమాటా నారు, ఆ తర్వాత వంగ, మిరప, క్యాబేజీ, పండగలకు ముందు బంతి. పెళ్లికి ముందు తిరుపతి పద్మావతి మహిళా యూనివర్సిటీలో మైక్రోబయాలజీ చదివాను. ఆ చదువు ప్రోట్రేల (నారు పెంచే గుంతల ట్రేల) మధ్య ఇంతగా పనికొస్తుందని అప్పుడు ఎవరైనా చెప్పుంటే నవ్వేదాన్ని.

ల్యాబుకు వెళ్లాల్సి వచ్చింది ఒక గొడవ వల్ల. వి.కోట వైపు నుంచి ఒక పెద్దాయన ఏటా మా దగ్గరే నారు తీసుకుంటారు. నన్ను పాపా అంటారు, నేను మామా అంటాను. నాటిన నెల తిరక్కముందే ఆయన గోనెసంచి నిండా వాడిపోయిన మొక్కలు తెచ్చి, మా ట్రేల పక్కనే కుమ్మరించారు. నాకు గుండె ఆగినంత పనైంది. మొక్కలు చచ్చినందుకు కాదు, వాటి వేళ్లకున్న మట్టి మా నర్సరీ నేల మీద పడినందుకు. "నీ నారే పాపా ఈ తెగులు మోసుకొచ్చింది" అన్నారు. అప్పటికే మందుల అంగడిలో ఫ్యుజేరియం అనే బూజు తెగులని చెప్పి కార్బెండజిమ్ అనే బూజు మందు అమ్మారంట, ఆయన దాన్ని డ్రిప్పులో వదిలేశారు. మొక్కలు వాడిపోవడం ఆగలేదు. చేను పల్లంగా ఉన్న వైపు సాళ్లకు సాళ్లే పడిపోతూ వచ్చాయి.

ముందు పైసా ఖర్చు లేని పరీక్ష చేశాను. గాజు గ్లాసులో శుభ్రమైన నీళ్లు పోసి, మొక్క మొదలు దగ్గర కాండాన్ని కోసి, కోసిన కొన నీళ్లను తాకేలా కదలకుండా పట్టుకున్నాను. కాసేపట్లోనే కొన నుంచి పాల రంగు దారం ఒకటి సన్నగా కిందికి జారింది. అది బ్యాక్టీరియా ఎండుతెగులు గుర్తు, ఆ దారమంతా బ్యాక్టీరియానే. ఫ్యుజేరియం అయితే అది రాదు. పైగా ఫ్యుజేరియంలో కింది ఆకులు ముందు పసుపెక్కుతాయి, చాలాసార్లు మొక్కకు ఒక పక్కనే. ఇక్కడ ఆకులు పచ్చగా ఉండగానే మొక్క తల వాల్చేసింది. ఇంత తేడా ఉన్నా అంగడిలో బూజు మందు అమ్మారంటే ఏమనాలి? బ్యాక్టీరియా మీద కార్బెండజిమ్ ఏమీ చేయదు.

తెగులేదో గ్లాసే చెప్పేసింది కదా, ఇంక ల్యాబు ఎందుకు అంటారేమో. అది నా ట్రేలోంచి వెళ్లిందా, ఆయన మట్టిలోనే కూర్చుని ఉందా అన్నది గ్లాసు చెప్పదు. నారు దశలో మొక్క లోపల ఈ బ్యాక్టీరియా ఉన్నా పైకి పచ్చగానే కనబడొచ్చు. అదే లాట్ నారు మా దగ్గర ఇంకా కొన్ని ట్రేలు మిగిలి ఉంది. ఆ నారు, మేం వాడిన కోకోపిట్ (నారు పెంచే కొబ్బరి పొట్టు), మా బోరు నీళ్లు, ఆయన చేను మొక్కలు, ఆయన చేను మట్టి అన్నీ పరీక్షకు ఇద్దామని, ఖర్చు చెరి సగమని మాట్లాడుకున్నాం.

కౌంటర్‌లో ఉన్న అమ్మాయికి మాత్రం పూర్తి మార్కులు. శాంపిల్ ఎలా తీయాలో ఫోన్‌లోనే ఓపిగ్గా చెప్పింది. పూర్తిగా ఎండిన మొక్క వద్దు, అందులో ఇంకేవేవో సూక్ష్మజీవులు చేరి ఈ బ్యాక్టీరియాను కప్పేసి ఉంటాయి. ఇప్పుడిప్పుడే తల వాలుస్తున్న మొక్క, దాని పక్కన బాగున్న మొక్క, రెండూ వేళ్లతో సహా కావాలి. కడగొద్దు, తడిగుడ్డలో చుట్టొద్దు, ఫ్రీజర్‌లో అసలు పెట్టొద్దు. పేపర్లో చుట్టి కవర్లో వేసి, ఐస్ ప్యాకులు మొక్కలకు తగలకుండా థర్మాకోల్ డబ్బాలో సర్దాలి. ఆ డబ్బాను ఒళ్లో పెట్టుకుని మొగిలి ఘాట్ దిగి, చిత్తూరు మీదుగా తిరుపతి బస్సులో వెళ్లాను. కండక్టర్ చేపలా అని అడిగాడు.

ధరలు నేను ఇచ్చినప్పటివి రాస్తున్నాను, మారి ఉండొచ్చు. ఒక్క తెగులుకు పీసీఆర్ (ఆ తెగులు డీఎన్ఏలో ఒక చిన్న ముక్కను ఎన్నో రెట్లు పెంచి చూసే పరీక్ష) అయితే శాంపిల్‌కు 1,200 రూపాయలు. వైరస్ ప్యానెల్ 3,000. అన్నిటికంటే పెద్దది వాళ్లు ఫుల్ ప్యానెల్ అని పిలిచేది. శాంపిల్‌లో ఉన్న డీఎన్ఏ మొత్తాన్ని చదివి, అందులో ఏ ఏ జీవులున్నాయో చెబుతామంటారు. అది 9,500. జీఎస్టీ అన్నిటికీ వేరే.

మొదట పీసీఆర్ సంగతి. ఇందులో నాకు పెద్దగా వంక పెట్టడానికి లేదు. ఈ బ్యాక్టీరియాను రాల్‌స్టోనియా అంటారు. ఫ్రెంచ్ గయానాలో టమాటా మొక్క నుంచి తీసిన ఒక రకం జీనోమ్‌ను, అంటే దాని మొత్తం డీఎన్ఏను, ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు 2002లో పూర్తిగా చదివి ప్రచురించారు. సుమారు 58 లక్షల డీఎన్ఏ అక్షరాలు, రెండు ముక్కలుగా ఉంటాయి: ఒకటి 37 లక్షలు, ఇంకోటి 21 లక్షలు. మొక్క కణంలోకి సూది గుచ్చినట్టు ప్రొటీన్లు ఎక్కించే యంత్రాంగం దానికి ఉంది. ఆ ఒక్క రకంలోనే అలా ఎక్కించేవి సుమారు 70 ప్రొటీన్లు ఉన్నాయంటే, మొక్క సొంత రక్షణ దాన్నేమీ చేయలేకపోవడంలో వింత లేదు. అది ఉండేది మొక్క నీళ్ల గొట్టాల లోపల. ఆకు మీద కొట్టిన మందు అక్కడిదాకా చేరదు.

పరీక్షకు ఆ 58 లక్షలూ చదవక్కర్లేదు. రెండు దశలు చాలు. మొదటి దశలో ఇది రాల్‌స్టోనియానా కాదా అని చూస్తారు. అవునైతే జెల్ (డీఎన్ఏ ముక్కలను పొడవును బట్టి విడదీసి చూపించే జిగురు పలక) మీద 280 అక్షరాల దగ్గర గీత పడుతుంది. రెండో దశలో నాలుగు పెద్ద వంశాల్లో ఏదో చూస్తారు. ఆసియా వంశమైన ఫైలోటైప్ 1 అయితే 144 దగ్గర, అమెరికా వంశం అయితే 372 దగ్గర గీత వస్తుంది. రిపోర్టులో జెల్ ఫోటో పెట్టారు, పక్కనే నెగెటివ్ కంట్రోల్ (బ్యాక్టీరియా లేదని ముందే తెలిసిన శాంపిల్), పాజిటివ్ కంట్రోల్ (ఉందని ముందే తెలిసిన శాంపిల్) కూడా చూపించారు. ఇది అడిగి మరీ చూడండి. ఆ రెండు కంట్రోళ్లూ లేని ఫోటో ఇస్తే ఆ రిపోర్టుకు డబ్బులు ఇవ్వక్కర్లేదు.

మామ చేను మొక్కలు పాజిటివ్, ఫైలోటైప్ 1. మా నారు, కోకోపిట్, బోరు నీళ్లు నెగెటివ్.

హమ్మయ్య అనుకున్నాను కానీ ఆయన ఊరుకోలేదు. "నెగెటివ్ అంటే లేనట్టా, మీవాళ్లకు దొరకనట్టా?" అన్నారు. నా మీద కోపంతో అన్నా, ఎంఎస్సీ వైవాలో కూడా నన్ను ఎవరూ ఇంత మంచి ప్రశ్న అడగలేదు. ఒక ట్రేలో ఎన్ని మొక్కలు తీశారు, వాటిని కలిపి రుబ్బారా విడివిడిగానా, రుబ్బిన రసంలోంచి నేరుగా పీసీఆర్ పెట్టారా లేక బ్యాక్టీరియాను ముందు పెంచి పెట్టారా అన్న దాన్నిబట్టి నెగెటివ్‌కు విలువ ఉంటుంది. కౌంటర్‌లో నెగెటివ్ అంటే లేదనే మేడం అనేశారు. ల్యాబులో ఉన్న సైంటిస్టుతో మాట్లాడిస్తే తప్ప కదలనని కూర్చున్నాను. ఆయన ఒప్పుకున్నారు, మొదటిసారి నేరుగానే పెట్టామని. తర్వాత మా నారును, కోకోపిట్‌ను రాల్‌స్టోనియా ఎక్కువగా పెరిగే ద్రావణంలో రెండు రోజులు ఉంచి మళ్లీ పీసీఆర్ పెట్టారు. అప్పుడూ నెగెటివ్. దీనికి అదనంగా డబ్బు తీసుకున్నారు. నర్సరీ నారుకు ఈ పని మొదటే చేయాలి, రేటులోనే కలపాలి. ఇక్కడ వాళ్లకు మార్కులు కోస్తున్నాను.

మట్టి దగ్గర దీన్ని తిరగేసిన ప్రశ్న వచ్చింది. చేను మట్టి పాజిటివ్ వచ్చింది. కానీ పీసీఆర్‌కు బతికిన బ్యాక్టీరియా, చచ్చిన బ్యాక్టీరియా తేడా తెలియదు, డీఎన్ఏ ఉంటే చాలు గీత వేసేస్తుంది. ఆ మాట ఎత్తితే వాళ్లే మట్టి ద్రావణాన్ని బ్యాక్టీరియా పెంచే మీడియం ఉన్న ప్లేటు మీద పోసి చూశారు. రాల్‌స్టోనియా ఆ మీడియం మీద చుట్టూ తెల్లగా, మధ్యలో లేత గులాబీ రంగుతో, జారుగా పెరుగుతుంది. అలాగే పెరిగింది. ఫోటో వాట్సాప్‌లో వచ్చింది. దాన్ని మామకు చూపిస్తే చాలాసేపు చూశారు. పై చేనులో రెండేళ్లుగా టమాటా మీద టమాటా పెడుతున్నారని, వానకు ఆ నీళ్లు తన పల్లంలోకే దిగుతాయని అప్పుడు ఆయనే చెప్పారు. ఇక నా నారు మాట ఎత్తలేదు.

ఆ రిపోర్టులో ఒక గందరగోళం మాత్రం వాళ్లు సరిదిద్దాలి. ఒక పేజీలో రాల్‌స్టోనియా సొలనాసియారం అని, ఇంకో పేజీలో రాల్‌స్టోనియా సూడోసొలనాసియారం అని ఉంది. మామ అల్లుడు చదివి రెండు తెగుళ్లు ఉన్నాయనుకున్నాడు. ఇక్కడ రెండూ ఒకే బ్యాక్టీరియాకు పాత పేరు, కొత్త పేరు. ఒకే పేరు కింద ఉన్నవి నిజానికి వేర్వేరు జాతులని తేలి, 2014లో ఆసియా, ఆఫ్రికా వంశాలకు ఈ రెండో పేరు పెట్టారు. తర్వాత జీనోములు పోల్చి చూసినవాళ్లూ సరే అన్నారు. ఆ సంగతి రిపోర్టు అడుగున ఒక్క వాక్యం రాస్తే ఆ ఇంట్లో ఒక రాత్రి టెన్షన్ తప్పేది.

ఇప్పుడు 9,500 ఫుల్ ప్యానెల్. దీన్ని నా సొంత డబ్బుతో, సొంత కుతూహలంతో చేయించాను, మామకు సంబంధం లేదు. ఆయన చేను మొక్కనే ఇచ్చాను. రిపోర్టు చూడ్డానికి భలే ఉంది, రంగురంగుల వృత్తం, అందులో ముక్కలు, పక్కన శాతాలు. బాసిల్లస్, సూడోమోనాస్ అంటూ మట్టిలో ఉండే మామూలు జీవులన్నీ ఉన్నాయి. రాల్‌స్టోనియా పెద్ద ముక్క, అది సరిగ్గానే పట్టారు. దాని కింద ఎర్రక్షరాల్లో: ఫ్యుజేరియం ఆక్సిస్పోరం గుర్తించబడినది, హెచ్చరిక.

ఇదే నాకు ఒళ్లు మండించింది. ఆ ఎర్రక్షరాలు మామ చేతిలో పడితే నేరుగా మళ్లీ అదే అంగడికి వెళ్లి అదే కార్బెండజిమ్ తెచ్చేవారు. అంగడాయన కూడా చూశారా నేను చెప్పలేదా అనేవాడు.

ఎందుకు తప్పో వివరంగా చెబుతాను. జీనోమిక్స్ ఇన్నేళ్లుగా నేర్పిన దాన్ని ఆ హెచ్చరిక పట్టించుకోలేదు. ఫ్యుజేరియం ఆక్సిస్పోరం అనే బూజు మన మట్టిలో దాదాపు ప్రతిచోటా ఉంటుంది. అందులో ఎన్నో రకాలు ఎవరికీ హాని చేయవు, చచ్చిన వేళ్లను తింటూ బతికేస్తాయి. టమాటాను ఎండబెట్టే రకం వేరు, అరటిని ఎండబెట్టేది వేరు, శనగది వేరు. మామూలు బార్‌కోడ్ (జీవి పేరు గుర్తుపట్టడానికి చూసే చిన్న డీఎన్ఏ ముక్క) చదివితే ఇవన్నీ ఒకేలా కనబడతాయి. తేడా ఎక్కడుందో 2010లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన చూపించింది. టమాటా రకం జీనోమ్ సుమారు 6 కోట్ల అక్షరాలు. అందులో నాలుగో వంతుకు పైగా మిగతా ఫ్యుజేరియంలలో లేని భాగాలే, వాటిలో నాలుగు పూర్తి క్రోమోజోములు కూడా ఉన్నాయి. టమాటాకు తెగులు తెచ్చే సామాను ఉన్నది అక్కడే. ఇంకా ఆశ్చర్యం ఏమిటంటే, ఆ అదనపు క్రోమోజోములు ఒక రకం నుంచి ఇంకో రకంలోకి దాటగలవు. హాని చేయని ఫ్యుజేరియం పక్కన ఈ టమాటా రకాన్ని పెంచితే, ఆ సాధువు కాస్తా టమాటాను చంపేదిగా మారడం ల్యాబులో చూశారు.

కాబట్టి ఫ్యుజేరియం ఉందా అనేది అడగాల్సిన ప్రశ్న కాదు. ఆ క్రోమోజోము ఉన్న ఫ్యుజేరియం ఉందా అని అడగాలి. దానికి గుర్తులు కూడా ఉన్నాయి, సిక్స్ జన్యువులంటారు. టమాటా నీళ్ల గొట్టాల్లోకి ఆ బూజు వదిలే ప్రొటీన్లవి. వాటి కోసం మామూలు పీసీఆర్ పెట్టినా తెలుస్తుంది. ఫోన్ చేసి సిక్స్ చూశారా అని అడిగాను. అవతల ఉన్నబ్బాయి ఆరా మేడం, ఆరు ఏంటి అన్నాడు. రెండో రోజు మళ్లీ ఆ సైంటిస్టే ఫోన్ చేసి, మిగిలిన డీఎన్ఏ మీద ఉచితంగా చేసి చెప్పారు. నెగెటివ్. మట్టిలో తిరిగే మామూలు ఫ్యుజేరియమే అది. ఎర్రక్షరాలు తీసి కొత్త రిపోర్టు పంపారు. ఆయన మంచివాడు, సంస్థ ఫారమ్ మంచిది కాదు. నాలాగా అడగలేని రైతుకు వచ్చిన ఎర్రక్షరాలను ఎవరు తీస్తారు?

అదే రిపోర్టులో వైరస్‌లు గుర్తించబడలేదు అనే లైను కూడా ఉంది. చదివిందంతా డీఎన్ఏ. మన టమాటాలో తామర పురుగులు తెచ్చే మొవ్వకుళ్లు వైరస్ ఆర్ఎన్ఏతో నడిచేది. ఆర్ఎన్ఏను ముందు డీఎన్ఏగా మార్చి చదివితే తప్ప అది ఈ లెక్కలోకే రాదు. వెతకని దాన్ని లేదని రాయకూడదు. ఈ మాటకు వాళ్ల దగ్గర జవాబు లేదు, నోట్ చేసుకున్నాం మేడం అన్నారు.

ఫుల్ ప్యానెల్ ఎందుకు ఆలస్యమవుతుందో కూడా తెలిసింది. తిరుపతిలో పీసీఆర్ వరకే చేస్తారు. సీక్వెన్సింగ్‌కు, అంటే డీఎన్ఏ అక్షరాలు చదవడానికి, శాంపిల్‌ను బెంగళూరు పంపుతారు. అంటే నేను పలమనేరు నుంచి తిరుపతి మోసుకెళ్లిన డబ్బా మళ్లీ చిత్తూరు, పలమనేరు, ముళబాగల్ మీదుగా బెంగళూరు వెళ్లిందన్నమాట. ముందే చెప్పుంటే మా ఇంటి ముందు హైవే మీద చెయ్యెత్తి ఎక్కించేదాన్ని. కౌంటర్ అమ్మాయి నవ్వింది కానీ పలమనేరులో శాంపిల్ తీసుకునే ఏర్పాటు మాత్రం ఇంకా లేదు.

నాకు పట్టింపు ఉన్న ఇంకో విషయం, సంతకం పెట్టించుకునే కాగితంలో చిన్న అక్షరాల్లో ఉంది. సీక్వెన్స్ డేటా అంతా సంస్థదేనంట. మన చేను తెగులు, మన డబ్బు, డేటా వాళ్లది. ఇది ఊరికే హక్కుల మాట కాదు. 2016లో బంగ్లాదేశ్‌లో మొదటిసారి గోధుమకు బ్లాస్ట్ అనే బూజు తెగులు వచ్చినప్పుడు, అక్కడి శాస్త్రవేత్తలు, ఇంగ్లాండ్‌లోని వాళ్లు కలిసి తెగులు సోకిన ఆకుల సీక్వెన్సులను దాచుకోకుండా అందరికీ తెరిచి పెట్టారు. ప్రపంచంలో ఎక్కడెక్కడి వాళ్లో వాటిని పోల్చి చూశారు. ఆ బూజు అక్కడి వరి నుంచి దూకింది కాదని, దక్షిణ అమెరికా గోధుమల మీద ఉండే వంశానిదని తేలింది. తెరిచి పెట్టబట్టే అంత త్వరగా తేలింది. మా వి.కోట రాల్‌స్టోనియా సీక్వెన్స్ కూడా అలా నలుగురికీ అందుబాటులో ఉంటే, రేపు కుప్పం వైపో, ముళబాగల్ వైపో ఎండుతెగులు వస్తే పోల్చుకోవచ్చు. నారుతో వచ్చిందా, నీళ్లతో వచ్చిందా అన్న గొడవలు అప్పుడు నిజంగా తీరతాయి. మా నారు పాజిటివ్ వచ్చి ఉంటే నాకూ ఆ పోలికే దిక్కయ్యేది: నారులోని బ్యాక్టీరియా, చేనులోని బ్యాక్టీరియా రెండింటి జీనోములూ చదివించి, ఒకటేనో కాదో చూడాలి. పూర్తి జీనోమ్ చదివించడానికి డబ్బు పెట్టదగ్గ సందర్భం నర్సరీ వాళ్లకు అదొక్కటే అనిపిస్తుంది. డేటా సంస్థదే అన్న ఆ క్లాజు మీద గీత కొట్టి సంతకం పెట్టాను. తీసుకున్నారు, ఏమీ అనలేదు.

వైరస్ ప్యానెల్ గురించి ఎక్కువ రాయను. ఆకుముడత వైరస్ జీనోమ్ చాలా చిన్నది, ఒక్కో ముక్క 2,700 అక్షరాలకు అటూఇటూ. పూర్తిగా చదవడం కష్టమేమీ కాదు. కానీ అది బెంగళూరు పేరు పెట్టిన రకమైనా, న్యూఢిల్లీ పేరు పెట్టిన రకమైనా రైతు చేసేది తెల్లదోమను ఆపడమే. పేరు కావాల్సింది విత్తనం తయారు చేసేవాళ్లకు. టమాటాలో టీవై అనే నిరోధక జన్యువులు ఉన్నాయి, అవి ఒక్కో వైరస్ ముందు ఒక్కోలా నిలబడతాయి. రైతులు ఆ 3,000తో నారుకు కట్టే దోమతెర కొనుక్కోండి.

రిపోర్టు చివర సలహాలు అని ఒక పెట్టె ఉంటుంది. మాకు వచ్చిన దాంట్లో దగ్గర్లోని వ్యవసాయాధికారిని సంప్రదించండి అని ఉంది. అంత డబ్బు తీసుకుని ఇదా చెప్పేది? రాల్‌స్టోనియా పాజిటివ్ అని రాసినవాళ్లు, దీనికి మందు లేదు, డ్రిప్పులో ఏదీ వదలకండి అనే ఒక్క ముక్క రాసుంటే మామకు రిపోర్టు ఖర్చు వెనక్కి వచ్చినట్టే ఉండేది. మిగతాది మేమే మాట్లాడుకున్నాం. ఆ పల్లం సాళ్లలో టమాటా, వంగ, మిరప, బంగాళాదుంప ఏవీ పెట్టరు, అన్నీ ఒకే కుటుంబం. రాగి పంట వేస్తానన్నారు. పై చేను నీళ్లు దిగకుండా గట్టు పక్కన కాలువ తవ్వించారు. మెట్ట వైపు మాత్రం టమాటా కావాలన్నారు. అక్కడికి బెంగళూరు ఐఐహెచ్ఆర్ (భారత ఉద్యాన పరిశోధనా సంస్థ) వాళ్ల అర్క రక్షక్ చెప్పాను, ఎండుతెగులును తట్టుకునే హైబ్రిడ్ అది. ఇంకో దారి గ్రాఫ్టింగ్. తైవాన్‌లోని ప్రపంచ కూరగాయల కేంద్రం వాళ్లు ఎండుతెగులు నేలలకు వంగ వేరు మీద టమాటా అంటు కట్టమని ఎప్పటి నుంచో చెబుతున్నారు. మా నర్సరీలో చిన్నగా మొదలు పెట్టాను. అంటు నారు రేటు వింటే రైతులు ముందు వెనకాడతారు. ఫైలోటైప్ 1 అని రాసున్న రిపోర్టు చేతిలో ఉన్నవాళ్లు మాత్రం వెనకాడరు.

మామూలుగా తెగులు గుర్తుపట్టడానికే అయితే ప్రైవేటు ల్యాబు అక్కర్లేదు. గ్లాసు పరీక్ష చేయండి, రైతు సేవా కేంద్రంలో చూపించండి, తిరుపతిలో వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది, అక్కడ అడగండి. నర్సరీ వాళ్లు, విత్తనాల వాళ్లు, నాలాగా గొడవలో ఉన్నవాళ్లు పీసీఆర్‌కు వెళ్లొచ్చు, కానీ బ్యాక్టీరియాను పెంచి చేయమని ముందే రాయించుకోండి. శుక్రవారం మధ్యాహ్నం తర్వాత శాంపిల్ ఇవ్వకండి. సోమవారం దాకా అది ఫ్రిజ్‌లోనే ఉంటుంది.

వాళ్ల లిస్టులో నాకు నిజంగా కావాల్సిన పరీక్ష మాత్రం లేదు. మా పలమనేరు వైపు డిసెంబర్‌లో ముసురు పట్టి చలి దిగితే లేట్ బ్లైట్ వస్తుంది, చేను మొత్తం మాడిపోతుంది. దాన్ని తెచ్చేది ఫైటాఫ్థొరా అనే బూజులాంటి జీవి. 1845లో ఐర్లాండ్ బంగాళాదుంపలను తినేసిందీ అదే. దాని జీనోమ్ 2009లో చదివారు, 24 కోట్ల అక్షరాలు, అందులో ముప్పావు వంతు మళ్లీ మళ్లీ వచ్చే ముక్కలే. దాంట్లో బ్లూ 13 అనే ఒక వంశం ఉంది. యూరప్‌ను చుట్టబెట్టి మన దేశానికీ వచ్చింది, 2009, 2010 ప్రాంతంలో కర్ణాటక వైపు టమాటాను ముంచింది అదేనని తేల్చారు. దాని మీద మెటలాక్సిల్ పనిచేయదు. మా వాళ్లు ముసురు పట్టగానే ముందు కొనేది మెటలాక్సిల్ కలిసిన మందే. వంశం ఏదో తెలిస్తే ఏ డబ్బా కొనకూడదో తెలుస్తుంది. పేరు తెలియగానే రైతు జేబులో డబ్బు మిగిలే పరీక్ష ఇది, దీన్ని వదిలేసి రంగుల వృత్తాలు అమ్ముతున్నారు. ఎక్కడో భద్రపరిచిన నూట యాభై ఏళ్ల నాటి ఎండుటాకుల్లోంచి డీఎన్ఏ తీసి, ఐర్లాండ్ కరువు తెచ్చిన వంశం ఏదో 2013లో చెప్పగలిగారు. మేం తాజా ఆకులే ఇస్తాం అని ఆ సైంటిస్టుకు చెప్పాను. ఎంతమంది వస్తారు మేడం అన్నారు. నవంబర్ లోపల మొదలు పెడితే మా రోడ్డులో ఉన్న నర్సరీల వాళ్లందరినీ పంపుతానని మాటిచ్చాను. అక్టోబర్‌లో మళ్లీ ఫోన్ చేస్తాను.